వనములను వలచిన రూపచిత్రకారుడు: థామస్ గెయిన్స్‌బరో

పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండు దేశమున చేతిలో నాలుగు కాసులు కూడిన ప్రతివాడును తన రూపమును కాన్వాసుపై చూచుకొనవలెనని ఉవ్విళ్లూరినాడు. ప్రభువుల మాట అటుంచి, వర్తకులు, న్యాయవాదులు, నటీనటులు, సైనికోద్యోగులు, వారి భార్యాబిడ్డలు, తుదకు పెంపుడు కుక్కలు సైతము చిత్రకారుల యెదుట బారులు తీరిన కాలమది. పురాణగాథలను చిత్రింపగోరిన కళాకారునకు అక్కడ అన్నము పుట్టుట కష్టము. చెట్లను, చేలను గీచినవానికి మరింత కష్టము. ముఖములు గీచినవానికి మాత్రము కొదువ లేదు. ఆ శతాబ్దిలో ఈ విద్యయందు అగ్రస్థానమున నిలిచినవారు ఇద్దరు. ఒకడు సర్ జాషువా రెనాల్డ్స్. అతడు ఈ వృత్తిని కోరి చేపట్టి, దానికి గౌరవము కూర్చినాడు. రెండవవాడు థామస్ గెయిన్స్‌బరో. ఇతనికి ఆ వృత్తి యన్న విసుగు. చేయి ముఖములు గీయుచుండగా మనస్సు అడవిదారులలో తిరిగినది. ఆ విసుగు అతని చిత్రములకు మేలు చేసినదా, కీడు చేసినదా అను ప్రశ్న అతని చరిత్ర చదివినవారికి అడుగడుగున ఎదురగును.

గెయిన్స్‌బరో జన్మస్థలము సఫక్ మండలములోని సడ్‌బరీ. స్టూర్ నది యొడ్డున గల చిన్న పట్టణము, నేతపనికి పేరుగన్నది. తండ్రి జాన్ ఉన్నిబట్టల వ్యాపారి. తల్లి మేరీ పూలబొమ్మలు వేయుటలో నేర్పరి. వారి తొమ్మిదిమంది సంతానములో కడపటివాడు థామస్. 1727 మే 14న అతనికి జ్ఞానస్నానము జరిగినది. బాలునకు ఆరేండ్లు వచ్చునప్పటికి, 1733లో, తండ్రి వ్యాపారము దివాలా తీసినది. ఆ కుటుంబమునకు ధనము తక్కువయైనను వింత బుద్ధులకు లోటు లేదు. అన్న హంఫ్రీ మతబోధకుడై యుండియు ఆవిరియంత్రములపై ప్రయోగములు చేసినాడు. మరియొక అన్న జాన్ ఎప్పుడును ఏదో యొక యంత్రమును కల్పించుచు, దానిని పూర్తిచేయక విడిచి, రెండవదానికి పూనుకొనెడివాడు.

థామస్ బడికి పోయినది తక్కువ, పొలముల వెంట తిరిగినది ఎక్కువ. తండ్రి వ్రాసినట్లే ఉపాధ్యాయునకు సెలవు చీటీ వ్రాసి తీసికొనిపోయెడివాడని ఒక కథ గలదు. చేవ్రాలును అనుకరించిన కొడుకు ఉరికంబ మెక్కునని తండ్రి మొదట భయపడి, ఆ సెలవులలో అతడు గీచిన బొమ్మలను చూచినంతనే మహానుభావుడగునని మురిసెనట. ఉపాధ్యాయులు ఇట్టి కథలను పిల్లలకు చెప్పవలెనా వద్దా యన్నది వేరు మాట. పొరుగుతోటలో పేరుపండ్లు దొంగిలింప వచ్చి గోడమీదుగా తొంగిచూచిన వాని ముఖమును పొదచాటునుండి గీచి పట్టియిచ్చినాడని మరియొక కథ. ఈ రెండింటిలో నిజ మెంతయైనను ఒక్క సంగతి మాత్రము స్పష్టము. ఆ బాలునకు మనుష్యుల ముఖములు అప్రయత్నముగ చేతికి వచ్చెడివి. కాని వాని కన్ను వెదకినది చెట్టు కొమ్మను, వంపు తిరిగిన బాటను.

1740లో, పదుమూడవ యేట, అతనిని లండను నగరమునకు పంపిరి. అక్కడ గ్రావెలో అను ఫ్రెంచి చిత్రకారుని యొద్ద శిక్షణ పొందినాడు. గ్రావెలో పుస్తకములకు బొమ్మలు కూర్చువాడు, రాగిరేకులపై చెక్కువాడు. నాజూకైన రేఖ ఈతని వలన అబ్బినది. ఇంతకంటె ముఖ్యమైన గురువులు వేరొకరు గలరు. లండను అంగళ్లలో ఆ రోజులలో డచ్చి దేశపు ప్రకృతి దృశ్యములు విరివిగా అమ్మకమునకు వచ్చెడివి. మబ్బుపట్టిన ఆకాశము, ఇసుకబాట, ఓకు చెట్టు, ఒంటరి బాటసారి - ఇంతకు మించి వానిలో విషయము లేదు. గెయిన్స్‌బరో వానిని చూచి తన సడ్‌బరీ పరిసరములను గుర్తించినాడు. 1748లో ముగించిన కార్నార్డ్ అడవి చిత్రము ఆ అభ్యాసమునకు ఫలము.

అంతకు రెండేండ్లకు ముందు, 1746లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున అతడు మార్గరెట్ బర్ అను కన్యను వివాహమాడినాడు. ఆమె బ్యూఫర్ట్ డ్యూకునకు అవివాహ సంతానము. ఏటేట రెండువందల పౌండ్ల వర్షాశనము ఆమెకు గలదు. చేతిలో సంపాదన లేని యువచిత్రకారునకు ఆ సొమ్ము ఎంత యండగా నిలిచినదో చెప్పనక్కరలేదు. ఇంటి లెక్కలలో ఆమె కడు గట్టిది. అతడు చేతికెముక లేనివాడు. ఈ జోడు జీవితాంతము కొంత కీచులాడుకొన్నను విడిపోలేదు. వారి తొలిబిడ్డ మేరీ పసితనముననే, 1748లో, మరణించినది. ఆ సంవత్సరమే తండ్రియు గతించినాడు. గెయిన్స్‌బరో లండను విడిచి సడ్‌బరీ చేరినాడు. తరువాత పుట్టిన ఇద్దరు ఆడపిల్లలలో పెద్దదానికి, చనిపోయిన బిడ్డ పేరే, మేరీ అని పెట్టిరి, చిన్నది మార్గరెట్.

సడ్‌బరీలో అతడు గీచిన ఒక చిత్రమును ఇక్కడ నిలిచి చూడవలసియున్నది. ఆండ్రూస్ అను భూస్వామి, అతని క్రొత్త పెండ్లికూతురు ఫ్రాన్సిస్, 1750 ప్రాంతమున ఇతనిచే తమ రూపములను వ్రాయించుకొనిరి. దంపతుల చిత్రమనగా వారిని నడుమ నిలుపుట వాడుక. ఇతడు వారిని కాన్వాసు యెడమ భాగమునకు, ఒక ఓకు చెట్టు క్రిందికి, నెట్టివేసినాడు. భర్త చంకలో తుపాకి, కాలి యొద్ద కుక్క. భార్య నీలివన్నె గౌను పరచుకొని బల్లపై కూర్చున్నది. కుడివైపు సగము కాన్వాసును కోసిన పంటపనలు, గొఱ్ఱెలు, చెట్లవరుస, కదలుచున్న మబ్బులు ఆక్రమించినవి. సొమ్మిచ్చినవారికి ముఖములు దక్కినవి. తనకు పొలము దక్కినది. ఆ పొలము కూడ ఆండ్రూసుదే గనుక అతడును సంతోషించియే యుండును. ఒక్క వింత. ఫ్రాన్సిస్ ఒడిలో కొంతభాగము రంగు పడక నేటికిని ఖాళీగా నున్నది. అక్కడ భర్త వేటాడిన పక్షిని చూపదలచెనో, పుట్టబోవు బిడ్డకు చోటు విడిచెనో యని పండితులు ఊహించుచునే యున్నారు. ఆ చిత్రము 1960 వరకు ఆ వంశమువారి యొద్దనే యుండి, అప్పుడు లండను జాతీయ చిత్రశాలకు చేరినది.

1752లో ఇప్స్‌విచ్ రేవుపట్టణమునకు మకాము మారినది. అక్కడ ఏడేండ్లు గడచినవి. రాబడి చాలక అప్పులు పెరిగినవి. కాని ఆ కాలముననే, 1756 ప్రాంతమున, ఎవ్వరును అడుగక, ఎవ్వరును సొమ్మీయక గీచిన చిత్రమొకటి కలదు. ఇద్దరు కుమార్తెలు చేతులు పట్టుకొని ఒక సీతాకోకచిలుక వెంట పోవుచున్నారు. తెల్లని ఆ చిలుక ముళ్లమొక్కపై వ్రాలియున్నది. చిన్నపిల్ల ముల్లు సంగతి యెరుగక చేయి చాచినది. పెద్దపిల్ల ఒక్క యడుగు వెనుక నిలిచి, చెల్లెలి చేయి విడువక, కొంచెము జంకుతో చూచుచున్నది. వెనుక అంతయు చీకటి చెట్లు. చిత్రము పూర్తి కాలేదు. ఇంగ్లండులో పసిపిల్లల నింత ఆప్యాయముగ, ఇంత భయముతో చూచిన చిత్రము అంతకుముందు లేదనుట అతిశయోక్తి కాదు.

1759లో అతడు బాత్ నగరము చేరినాడు. ఉష్ణగుండములలో స్నానమునకని, పేకాటకని, సంబంధములు కుదుర్చుకొనుటకని రాజ్యములోని సంపన్నులందరును అక్కడ చేరుదురు. అట్టిచోట రూపచిత్రకారుడు అంగడి తెరచుట తెలివైన పని. శిరస్సు మాత్రము గీచుటకు మొదట ఐదు గినీలు తీసికొన్నాడు. జనము మూగుటతో దానిని ఎనిమిది చేసినాడు. తరువాత అది పెరుగుచునే పోయినది. చుట్టుపట్ల ప్రభువుల మేడలలో గల వాన్‌డైక్ చిత్రములు అతని కన్నులు తెరచినవి. నిలువెత్తు మూర్తి, జాలువారు పట్టు, నరముల సౌకుమార్యము తెలుపు చేతివ్రేళ్లు - వీని రహస్యమును అతడు ఆ శతాబ్దము క్రిందటి ఫ్లెమిష్ గురువు నుండి గ్రహించినాడు. 1768లో రాయల్ అకాడమీ స్థాపితమైనప్పుడు ప్రథమ సభ్యులలో ఒకడైనాడు.

ఆ సంవత్సరమే, నవంబరు 29న, ఇగ్నేషియస్ సాంచో అనునతడు అతని యెదుట కూర్చున్నాడు. సాంచో బానిసల ఓడలో పుట్టిన ఆఫ్రికా జాతీయుడు. ఇంగ్లండులో ప్రభుగృహమున సేవకుడై, స్వయంకృషిచే చదివి, సంగీతమును రచించి, లేఖకుడుగ కీర్తి గడించినవాడు. ఒక గంట నలువది నిమిషములలో గెయిన్స్‌బరో ఆ చిత్రమును ముగించినాడు. నల్లవారిని యజమానుల ప్రక్కన నౌకరులుగా మాత్రమే చూపుచుండిన కాలమున, ఇతడు సాంచోను సేవకుని దుస్తులు లేక, పెద్దమనిషి వలె, అంగీలోనికి చేయి చేర్చిన ఠీవితో చూపినాడు. తొందరలోను తప్పిపోని గౌరవము ఆ చిత్రమునందున్నది.

బాత్‌లోనే అతనికి సంగీతము వ్యసనమైనది. మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయించు వయొలా ద గాంబా అతనికి ప్రాణము. ఎవడైన ఒక వాద్యమును చక్కగా వాయింపగా విన్నచో ఆ వాద్యమునే కొని తెచ్చి, కొన్నాళ్లు వాయించి, మూలబెట్టెడివాడు. ఏబెల్, యోహాన్ క్రిస్టియన్ బాక్ వంటి వాద్యకారులు అతని మిత్రులు. విలియం జాక్సన్ అను సంగీతజ్ఞునకు అతడు వ్రాసిన జాబులలో హృదయము విప్పినాడు. రూపచిత్రములతో తాను విసిగిపోయినాడట. వాద్యమును చంకబెట్టుకొని ఏదైన పల్లెకు పోయి, ప్రకృతి దృశ్యములు గీచుకొనుచు కడపటి దినములు హాయిగ గడపవలెనని కోరికయట. కాని భార్యయు కుమార్తెలును పట్టణవాసమును, విందులను, పెండ్లికొడుకుల వేటను మానరు గదా యని అందే నిట్టూర్చినాడు. కూటికొరకు కోటి విద్యలన్న సామెత అతనికి తెలియకున్నను దాని యర్థము బాగుగ తెలిసియుండును.

అతడు పనిచేయు పద్ధతియు విచిత్రమైనది. రెనాల్డ్స్ మొదలగువారు ముఖము మాత్రము తాము వ్రాసి, బట్టలను కూలికి కుదిరిన సహాయకులచే పూర్తి చేయించెడివారు. గెయిన్స్‌బరో తల వెండ్రుక నుండి చెప్పుల కుచ్చు వరకు సాధారణముగ తానే వ్రాసినాడు. వెలుగు తగ్గించిన గదిలో, నిలుచుండి, ఆరడుగుల కఱ్ఱలకు కట్టిన కుంచెలతో గీచెడివాడు. చిత్రమును, ఎదుటి మనిషిని సమానదూరము నుండి చూచుటకై ఈ యేర్పాటు. రాత్రులందు దీపము ముందర బల్లపై బొగ్గుపెళ్లలను కొండలుగ, నాచును పొదలుగ, బ్రోకలీ కొమ్మలను వృక్షములుగ, అద్దపు ముక్కలను చెరువులుగ పేర్చి, ఆ బొమ్మలాట అడవిని చూచుచు ప్రకృతి దృశ్యములను కల్పించెడివాడు. పల్లెకు పోలేనివాడు పల్లెను బల్లమీదికి తెచ్చుకొన్నాడు.

లోకమంతట ఎరిగిన నీలి దుస్తుల బాలుని చిత్రము 1770లో ప్రదర్శితమైనది. వాన్‌డైక్ కాలపు వేషము వేసి, టోపీ చేతబట్టి, తుఫాను మబ్బుల ముందు నిలిచిన ఆ బాలుడు మెరియు పట్టులో నిప్పువలె కనిపించును. నీలము చిత్రమునకు ప్రధానవర్ణము కారాదని రెనాల్డ్స్ ఉపన్యసింపగా దానిని ఖండించుటకే గెయిన్స్‌బరో దీనిని గీచెనని చాల పుస్తకములు చెప్పును. రెనాల్డ్స్ ఆ మాట చెప్పినది 1778లో. ఎనిమిదేండ్ల తరువాత వచ్చు వాదమును ముందే ఖండించుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఆ బాలుడు జోనథన్ బటాల్ అను ఇనుపసామగ్రి వర్తకుని కుమారుడని బహుకాలము నమ్మిరి. చిత్రకారుని మేనల్లుడు గెయిన్స్‌బరో డ్యూపాంట్ అని ఇటీవలి పండితులలో కొందరి యభిప్రాయము. ఎక్సురే తీసి చూడగా క్రింద మరియొకరి రూపము మొదలిడి విడిచినట్లు తేలినది. అనగా, ఇంత కీర్తి తెచ్చిన చిత్రము పాత కాన్వాసుపై పొదుపుగ గీచుకొన్నది.

1774లో లండనులోని పాల్‌మాల్ వీథిలో షాంబర్గ్ భవనమునందు అతడు కాపురము పెట్టినాడు. రాజు మూడవ జార్జి, రాణి షార్లెట్ అతని చేతి చిత్రములను మెచ్చిరి. 1782లో రాజకుటుంబమువారి శిరస్సులను పదునైదింటిని వరుసగ వ్రాసినాడు. రాజు మనస్సు ఇతని వైపే యున్నను, 1784లో ఆస్థాన ప్రధాన చిత్రకారుని పదవి ఖాళీ కాగా అది అకాడమీ అధ్యక్షుడైన రెనాల్డ్సునకే దక్కినది. ఆ యేడే మరియొక తగవు. ముగ్గురు రాజకుమార్తెల చిత్రమును అకాడమీ ప్రదర్శనమున కనుచూపు అందెడు ఎత్తున తగిలింపవలెనని ఇతడు కోరినాడు. తన పలుచని రంగులు, సన్నని గీతలు దగ్గరనుండి చూచిన గాని తెలియవని అతని వాదము. నిలువెత్తు చిత్రములకు నియమితమైన ఎత్తు వేరని సంఘమువారు నిరాకరించిరి. అతడు తన చిత్రముల నన్నిటిని వెనుకకు తెప్పించుకొని, మరల అకాడమీ గడప తొక్కలేదు. తరువాత ఏటేట తన ఇంటిలోనే ప్రదర్శనము జరుపుకొన్నాడు. ఇది కేవలము అహంకారమని కొందరు వ్రాసిరి. అది న్యాయము కాదు. చిత్రము ఏ దూరమున నిలిచి చూడదగినదో దానిని గీచినవానికంటె ఎవరికి తెలియును?

ఈ చివరి యేండ్లలోనే అతని రూపచిత్రములకును ప్రకృతి దృశ్యములకును నడుమ గోడ కూలినది. 1785లో వ్రాసిన ఉదయ విహారము చిత్రమున నవదంపతులు హాలెట్‌లు చెట్లనీడల నడుచుచుండగా, ఆమె మేలిముసుగు ఆకులతోడను కుక్క తెల్లని బొచ్చుతోడను కలిసి ఒకే గాలికి కదలును. దగ్గరగ చూచిన అవి గజిబిజి గీతలు. నాలుగడుగులు వెనుకకు జరిగిన అవియే పట్టు, ఆకు, ఊపిరి. అడవిని గీయనీయని లోకముపై అతడు తీర్చుకొన్న పగ ఇదియే కాబోలు: ఆడువారి దుస్తులలోనికే అడవి గాలిని ప్రవేశపెట్టినాడు. ముఖములు గీయుట అతనికి శిక్షయే గాని, ఆ శిక్ష లేకున్న ఈ కలయిక సాధ్యమయ్యెడిది కాదు.

పల్లె పిల్లల చిత్రములను అతడు ఇష్టముతో గీచినాడు. పందిపిల్లల ముందు కూర్చున్న బాలిక చిత్రమును 1782లో ప్రదర్శింపగా, దానిని కొన్నవాడు ఎవరనుకొన్నారు? ప్రత్యర్థి రెనాల్డ్స్. గెయిన్స్‌బరో అరువది గినీలు అడుగగా అతడు నూరు గినీలు పంపినాడు. ఆ సంవత్సరమే రెనాల్డ్స్ రూపమును గెయిన్స్‌బరో గీయ మొదలిడినాడు. ఒక్కసారి కూర్చున్న పిమ్మట రెనాల్డ్సునకు జబ్బు చేసినది. మరల పిలుపును రాలేదు, రాకయు జరుగలేదు.

ఇంటిలో సుఖము తగ్గినది. పెద్దకుమార్తె మేరీ 1780లో ఫిషర్ అను ఓబో వాద్యకారుని పెండ్లాడినది. తండ్రికి అతని సంగీతమన్న ఇష్టమే గాని అల్లుడుగ ఇష్టము కాదు. కుమార్తె మనసు విరుచలేక అంగీకరించినాడు. కొన్ని నెలలకే ఆ కాపురము చెడినది. మేరీకి మతి చలించు లక్షణములు అంతకుముందే పొడచూపియుండెను, అవి ముదిరినవి.

1788 ఫిబ్రవరిలో లండనులోని వెస్టుమినిస్టరు హాలునందు వారన్ హేస్టింగ్సుపై విచారణ ప్రారంభమైనది. బెంగాలు గవర్నరు జనరలుగా భారతదేశమున అతడు సాగించిన పాలనను, అయోధ్య బేగముల ధనాపహరణమును బర్క్, షెరిడన్ మొదలగువారు పార్లమెంటు ముందు దుయ్యబట్టుచుండగా నగరమంతయు వినవచ్చినది. గెయిన్స్‌బరోయు వచ్చినాడు. తెరచిన కిటికీకి వీపు పెట్టి కూర్చుండగా మెడపై మంచు వంటి చల్లని స్పర్శ యేదో తగిలినట్లు తోచినదట. ఇంటికి పోయి చూపగా అక్కడ చిన్న వాపు కనబడినది. వైద్యులు తేలికగ తీసికొనిరి. అది రాచపుండు.

మరణము సమీపించినదని తెలిసి రెనాల్డ్సునకు జాబు వ్రాసి రమ్మని కోరినాడు. తన చిత్రములను కొన్నింటిని మంచము దగ్గరకు తెప్పించి చూపినాడు. పాత కక్షలన్నియు ఆ గదిలో కరిగినవి. బ్రదుకు విడుచుటకంటె చిత్రకళ విడుచుటయే తనకు బాధయనియు, తన లోపములు ఇప్పుడిప్పుడే తెలియుచున్నవనియు చెప్పినాడని రెనాల్డ్స్ తరువాత తెలిపినాడు. స్వర్గమున వాన్‌డైకును కలిసికొందునన్న ధైర్యమే అతని తుదిమాట అని చెప్పుదురు. 1788 ఆగస్టు 2న, అరువది యొకటవ యేట, గతించినాడు. అతని కోరిక ప్రకారము క్యూ గ్రామపు చర్చి ఆవరణమున, పాతమిత్రుడు కర్బీ సమాధి చెంత ఖననము చేసిరి. శవపేటిక వెంట నడచినవారిలో రెనాల్డ్స్ ఒకడు. ఆ డిసెంబరులో అకాడమీ విద్యార్థులకు చేసిన ఉపన్యాసమును రెనాల్డ్స్ ఇతనికే అంకితము చేసినాడు. దగ్గరనుండి గజిబిజిగా తోచు ఆ గీతలు దూరమునుండి రూపము దాల్చుటను గూర్చి అందు ముచ్చటించినాడు.

అతడు ముఖములు గీచి ధనము గడించుచుండగా, ఇష్టముతో గీచిన ప్రకృతి దృశ్యములు అమ్ముడుపోక షాంబర్గ్ భవనపు గోడల వెంబడి పేరుకొని యుండెడివి. 1789లో భార్య వానిని అమ్మకమునకు పెట్టినది. కాలము మారినది. అతని డెవన్‌షైరు డచెస్ చిత్రము 1876లో లండను అంగడినుండి దొంగల పాలై, 1901లో అమెరికాలో దొరికినది. నీలి దుస్తుల బాలుడు 1921లో అమెరికా కోటీశ్వరుడు హంటింగ్టనునకు అమ్ముడుపోయి, తరలిపోవుటకు ముందు 1922 జనవరిలో జాతీయ చిత్రశాలలో నిలువగా దాదాపు తొంబదివేలమంది వీడ్కోలు చెప్పవచ్చిరి. సరిగా నూరేండ్లకు, 2022 జనవరిలో, కొన్ని నెలల కొరకు ఎరువుగా మరల ఆ చిత్రశాలకు వచ్చి వెళ్లినాడు. సడ్‌బరీలో గెయిన్స్‌బరో పుట్టిన యిల్లు 1961లో ప్రదర్శనశాలగ తెరువబడినది.

కుమార్తెలిద్దరును తండ్రి పోయిన పిమ్మట ఒక్క యింటనే బ్రదికిరి. మార్గరెట్ పెండ్లాడలేదు. మతి స్థిరము లేని అక్కను ఆమెయే కనిపెట్టి చూచినది. ఆమె 1820లో కన్నుమూసిన తరువాత ఆరేండ్లకు, 1826లో, మేరీ గతించినది. వారు చేతులు పట్టుకొని సీతాకోకచిలుక వెంట పోవు చిత్రము 1900 నుండి జాతీయ చిత్రశాలయందున్నది.